రెండు ముక్కలు మాట్లాడమన్నారు

పాత టూత్‌బ్రష్షుతో మీసానికి రంగు పట్టిస్తూ ఎడమ కొస దగ్గరికి వచ్చేసరికి భీమశంకరరావు ఊపిరి బిగబట్టాడు. అక్కడ చెయ్యి వణికితే చెంప మీద మరక పడుతుంది, పడితే ఓ పట్టాన వదలదు. పెరటిగోడకి మేకు కొట్టి తగిలించిన అద్దం అరచేతి కంటే కాస్త పెద్దది. అందులో మీసం ఒక్కటే నిండుగా కనబడుతుంది. నుదురు చూసుకోవాలంటే వంగాలి, గడ్డం చూసుకోవాలంటే మునివేళ్ళ మీద లేవాలి. ఆరడుగుల మనిషి. ఒకప్పుడు పరేడులో ముందు వరసలో నిలబెట్టిన ఒళ్ళు. ఇప్పుడు పొట్ట బెల్టు మీదికి జారింది, మెట్లెక్కితే మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. మీసం మాత్రం ఇంకా లొంగలేదు.

కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య రాజకుమారి అంతా చూస్తోంది.

"మొన్న ఆదివారమే గదా రంగేసినారు. మల్లీ ఏటి ఇయాల?"

"సభ ఉన్నాది."

"సభ కూర్మారావన్నియ్యది గదా."

అతను బ్రష్షు కడిగాడు. నల్లటి నీళ్ళు అరటిచెట్టు మొదట్లోకి పారాయి. కాఫీ రెండు గుక్కల్లో తాగేసి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా చేతులు మడత పోకుండా తొడుక్కున్నాడు. భుజాన ఏఎస్సై నక్షత్రం సరిచేసుకున్నాడు. రాజకుమారి బీరువా పైకి చూసి, "ఆ బుక్కు కూడా తీసుకెల్తారా? ఓపాలైనా తెరిసినారా అసలు?" అంది.

"నాకు తీరికేది?"

అబద్ధం. ఆ పుస్తకాన్ని అతను మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా రెండుసార్లు చదివాడు.

కూర్మారావూ తనూ ఒకే రోజున కానిస్టేబుళ్ళుగా చేరారు. విజయనగరం ట్రైనింగులో పక్కపక్క మంచాలు. కూర్మారావు పొట్టిగా, బక్కగా, ఎండు చేపలా ఉండేవాడు. గొంతు పైకి వచ్చేది కాదు. డ్రిల్లు మాస్టరు "ఏమిట్రా ఆ సర్, పిల్లికూతలా!" అని మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. అతని తరఫున మాట్లాడే పని భీమశంకరరావుది. సెలవు కావాలన్నా, మెస్సులో కూర బాగోలేదని చెప్పాలన్నా తనే. ఆఖరికి పెళ్ళిచూపుల్లో కూడా కూర్మారావు తల వంచుకుని జంతిక కొరుక్కుంటూ ఉంటే, తులసి తండ్రి అడిగిన ప్రతి ప్రశ్నకీ తనే బదులిచ్చాడు. "కుర్రోడు ఈయనా, ఆయనా?" అని ఆ ముసలాయన అడిగితే చావిడంతా నవ్వింది. చుట్టరికం లేకపోయినా ఆ రోజు నుంచి ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు.

తర్వాత భీమశంకరరావు మెల్లగా ఏఎస్సై అయ్యాడు. కూర్మారావు హెడ్ కానిస్టేబుల్ దగ్గర ఆగిపోయాడు. అందుకు భీమశంకరరావు బాధపడ్డాడు కూడా. పైనున్నవాడు కిందివాడి కోసం పడే బాధ. అందులో ఒక సుఖం ఉంటుంది. ఆ సుఖం ఇన్నేళ్ళూ ఉంది.

జిల్లా పోలీసుల్లో కథలంటే భీమశంకరరావువే. ఎలక్షన్ డ్యూటీలో, జాతర బందోబస్తులో, తుఫాను రోజుల్లో స్కూలు వరండాల్లో, అతని చుట్టూ కానిస్టేబుళ్ళు మూగేవారు. "బాబాయ్, ఇవన్నీ బుక్కు రాసీయాలి" అనేవారు. "రిటైరవనీరా, రాస్తాను" అనేవాడు. అది అంటూ అంటూ ఇరవై ఏళ్ళయింది. రాసినంత పేరూ వచ్చేసింది. సంక్రాంతి లేదు, ఉగాది లేదు, ఎవరు కలిసినా "ఎంతవరకొచ్చింది గురువుగారూ?" అని అడిగేవారు. నవ్వి మీసం దువ్వుకునేవాడు.

నెల కిందట కూర్మారావు ఇంటికి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "అచ్చయ్యింది బావా" అన్నాడు. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టుగా. చదవడానికి తీరిక లేదన్నాడు భీమశంకరరావు.

పుస్తకం పేరు 'ఖైదీకి కిటికీ సీటు'.

కూర్మారావు ఉద్యోగంలో సగం పైన ఎస్కార్టు డ్యూటీలోనే గడిచింది. అందరూ తప్పించుకునే డ్యూటీ అది. సబ్‌జైలు నుంచి రిమాండు ఖైదీని కోర్టుకి తీసుకెళ్ళాలి, సాయంత్రానికి తెచ్చి అప్పజెప్పాలి. ఆర్టీసీ బస్సులో పక్కపక్కన కూర్చుని, బేడీ మీద తువ్వాలు కప్పుకుని చేసే ప్రయాణం. కూర్మారావు ఎప్పుడూ కిటికీ పక్క సీటు ఖైదీకే ఇచ్చేవాడట. వాళ్ళు బయటికి చూస్తూ చూస్తూ ఏదో ఒకటి మాట్లాడేవారట. ఆ మాటలే పుస్తకం.

భీమశంకరరావు దాన్ని మొదటిసారి దొంగ కోసం వెతికినట్టు చదివాడు. నౌపడ రైల్వే గేటు దగ్గర డ్యూటీలో, ఉప్పు మడుల గట్టు మీద బండి ఆపి, ప్రతి పేజీలో తన కథల కోసం గాలించాడు. వాడు ఇన్నేళ్ళూ నోరు మూసుకుని విన్నది ఎందుకు? కాజేయడానికే. ఒక్కటి దొరికితే చాలు, జిల్లా అంతా చెప్పొచ్చు. ఒక్కటీ దొరకలేదు. రెండోసారి తప్పుల కోసం చదివాడు. ఒకచోట 'ముద్దాయి' అన్న మాటలో వత్తు పోయి ఉంది. ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

ఒక్క పేజీ మాత్రం అతనికి పడలేదు. సారా కేసులో పట్టుబడిన ఒక ముసలమ్మని పాతపట్నం కోర్టుకి తీసుకెళ్తున్నాడు కూర్మారావు. బస్సు ఆమె ఊరి మీదుగా పోయింది. ఆమె అమ్ముకున్న మడిలో ఎవరో ఊడుపులు వేస్తున్నారు. ముసలమ్మ అద్దానికి నుదురు ఆనించి చూసి, "ఆకు దగ్గర దగ్గరగా నాటీస్తన్నారు, గాలాడదు" అంది. అంతే. పేజీ అక్కడితో అయిపోయింది. భీమశంకరరావు కంట్లో నీళ్ళు తిరిగాయి. అది గమనించి అతనికి ఒళ్ళు మండిపోయింది. పుస్తకం బండి డిక్కీలో పడేసి, గేటు దగ్గర హారను కొట్టిన లారీవాడిని అకారణంగా తిట్టాడు.

అన్నిటికంటే పెద్ద మంట ఇంకొకటి. పుస్తకంలో ఎక్కడా తన పేరు లేదు. పక్క మంచం, పెళ్ళిచూపులు, కలిసి చేసిన తుఫాను డ్యూటీలు, ఒక్క ముక్క లేదు.

* * *

స్టేషన్‌లో రోల్‌కాల్ అయ్యాక ఎస్సై ఝాన్సీ అతన్ని గదిలోకి పిలిచింది. ముప్పై నిండని పిల్ల. చెవులకి చిన్న చుక్కల్లాంటి దిద్దులు, బల్ల మీద తెరిచిన 'ఖైదీకి కిటికీ సీటు', అందులో రంగు కాగితం గుర్తులు. ఆ గుర్తులు చూడగానే భీమశంకరరావు చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"పదిన్నరకి టెక్కల్లో సభ. డీఎస్పీ గారు వస్తున్నారు. మీరు నాతోనే జీపులో వచ్చేయండి."

"అలాగేనండి." వెళ్ళబోయి ఆగాడు. వారం రోజులుగా నాలిక చివర దాచుకున్న మాట అది. చాలా మామూలుగా అన్నాడు. "మరి మేడం, సర్వీసులో ఉండి బుక్కు వేయాలంటే డిపార్ట్‌మెంటు పర్మిషన్ ఉండాల గదా. పాపం మా వాడికి ఇలాంటివి తెలీవు. రేపెవరైనా అర్జీ పెడితే..."

ఝాన్సీ తలెత్తి చూసింది. "ఆయన అప్లికేషన్ నేనే పైకి పంపానండి. ఆర్డరు ఎప్పుడో వచ్చేసింది."

"ఓహో. మంచిదయ్యింది. అదే, వాడి మంచికే అడిగినాను."

"తెలుసండి." ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. "ఇంకో మాట. సభలో మీరు రెండు ముక్కలు మాట్లాడాలి. కూర్మారావు గారు ఆ ఒక్కటే అడిగారు. వక్తలెవరైనా పర్వాలేదు గాని మా బావ మాట్లాడాలి అన్నారు."

భీమశంకరరావు సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాడు.

* * *

టెక్కలిలో గ్రంథాలయం మేడ మీది హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి కిందికి దిగడం లేదు. సగం మంది పోలీసులు, కొందరు టీచర్లు, పుస్తకాలు చదివే పెద్దమనుషులు, వెనక వరసల్లో కూర్మారావు ఊరివాళ్ళు. వాళ్ళు కుర్చీల అంచుల మీద కూర్చున్నారు, ఎవరైనా లేవమంటే లేవడానికి సిద్ధంగా. ముందు వరసలో తులసి, పక్కన డిగ్రీ చదువుతున్న కూతురు పింకీ. తులసి కొత్త చీర మడతలు ఇంకా ఒంటికి అలవాటు పడలేదు. ఆమె కళ్ళు వేదిక మీది భర్తని వదలడం లేదు.

కూర్మారావు ఈ రోజు ఖాకీలో లేడు. పొందూరు ఖద్దరుతో కొత్తగా కుట్టించిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. గంజి పెట్టిన కాలరు సన్నటి మెడ చుట్టూ వదులుగా నిలబడింది. మాటిమాటికీ చొక్కా జేబు తడుముకుంటున్నాడు. అందులో మడతపెట్టిన కాగితం అంచు పైకి కనబడుతోంది. మాట్లాడబోయేది రాసి తెచ్చుకున్నాడన్నమాట. భీమశంకరరావు వేదిక ఎక్కగానే కూర్మారావు లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. "కూకో బావా, పెళ్ళికొడుకువి నువ్వు" అన్నాడు భీమశంకరరావు. దగ్గరున్నవాళ్ళు నవ్వారు.

సభ నడిపిస్తున్న కాలేజీ లెక్చరరు పుస్తకం గురించి చెప్పిందంతా పొగడ్తే. 'మన ఉత్తరాంధ్ర గుండె చప్పుడు' అన్నాడు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు లేచి, ఆ ముసలమ్మ పేజీ చదివి వినిపించాడు. "గాలాడదు" అన్న చోట హాలు హాలంతా ఒక్క క్షణం కదల్లేదు. ఆ నిశ్శబ్దం భీమశంకరరావుకి కొత్త. అతను ఇన్నేళ్ళలో ఎన్నో నవ్వులు సంపాదించుకున్నాడు గాని, ఇలాంటిది ఒక్కటీ లేదు. అరికాళ్ళలో మొదలైన మంట పైకి పాకింది.

"ఇప్పుడు రచయిత చిరకాల మిత్రులు, ఏఎస్సై భీమశంకరరావు గారు రెండు ముక్కలు మాట్లాడతారు."

మైకు ముందు నిలబడ్డప్పుడు అతని మనసులో ఏమీ లేదు. పొగడకూడదు, అంతవరకే అనుకున్నాడు. "మా కూర్మారావు మాట్లాడడు. ఎందుకంటే వాడి మాటలు కూడా నానే మాట్లాడీసినాను" అన్నాడు. నవ్వులు. ఆ నవ్వు వేడి మొహానికి తగలగానే ఒళ్ళు తేలికైంది. పెళ్ళిచూపులు చెప్పాడు. జంతిక కొరకడం అభినయించి చూపించాడు. డీఎస్పీ కూడా నవ్వాడు. ఇక సైకిలు దొంగ కథ దానంతటదే వచ్చేసింది.

"పాతపట్నం సంతలో సైకిలు పోనాదని కంప్లైంటు. ఒకడు దౌడు తీస్తన్నాడు. నాను నడిసి ఎక్కడ పట్టుకోను? ఎవడో సైకిలు మీద ఎల్తంటే ఆపీసి కేరేజీ మీద ఎక్కీసినాను. తొక్కరా, దొంగని పట్టుకోవాల, తొక్కు! ఆడు తొక్కుతన్నాడు. సెమట్లు కారతన్నాయి. నాను ఎనకనుంచి వీపు మీద సరుస్తన్నాను, తొక్కెహే తొక్కు! ఊరు దాటిపోనాది. మెట్ట దాటిపోనాది. ఒడిస్సా బోర్డరొచ్చీసింది. ఆడు సైకిలు ఆపీసి, దిగి, నా కాల్ల మీద పడిపోనాడు. బాబూ, ఆ దొంగని నానే బాబూ, ఇంక తొక్కనేను, పట్టుకోండి!"

హాలు పగిలిపోయింది. వెనక వరసల ముసలాయనలు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో "ఇంకోటి!" అని అరిచారు. భీమశంకరరావు ఇంకోటి చెప్పాడు. మధ్యలో లెక్చరరు ఒక చీటీ తెచ్చి మైకు పక్కన పెట్టాడు. 'సమయం' అని రాసి ఉంది. చూశాడు. చూసి, దాని మీద అరచెయ్యి పెట్టి, మరో కథ మొదలెట్టాడు. తను చేస్తున్నదేమిటో అతనికి తెలుసు. ఆపగలడు కూడా. పక్కకి చూస్తే కూర్మారావు నవ్వుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం జేబు మీద అలాగే ఉంది. ఆ చెయ్యి చూసి కూడా భీమశంకరరావు ఆపలేదు.

డీఎస్పీకి ఫోను వచ్చింది. పలాసలో ఏదో గొడవట, వెంటనే వెళ్ళాలన్నాడు. హడావుడిగా రిబ్బను విప్పి పుస్తకం ఎత్తి చూపించారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు. డీఎస్పీ వెంట సగం మంది పోలీసులు మెట్లు దిగిపోయారు. భోజనం పొట్లాలు వచ్చాయని కింది నుంచి కేక వినబడింది. కుర్చీలు కదులుతుంటే లెక్చరరు, "చివరగా మన రచయిత స్పందన" అన్నాడు.

కూర్మారావు మైకు దగ్గరికి వచ్చాడు. మైకు భీమశంకరరావు ఎత్తుకి ఉంది. దాన్ని దించడం అతనికి తెలియలేదు. జేబులోకి వేళ్ళు పోనిచ్చి, లేచిపోతున్న జనం వైపు చూశాడు. వేళ్ళు ఖాళీగా బయటికి వచ్చాయి.

"అందరికీ నమస్కారం. బోయినం సేసి ఎల్లండి" అన్నాడు.

* * *

మెట్ల దగ్గర భీమశంకరరావు చుట్టూ జనం. "బుక్కు రాయాల్సింది తమరండీ" అన్నాడు ఎవరో టీచరు. ఈ నెలంతా అతను కోరుకున్న మాట అదే. చేతులు కలుపుతూ, మీసం దువ్వుతూ ఉంటే, గుంపు పక్కనుంచి తులసి వచ్చి ఆగింది. చేతిలో విప్పని భోజనం పొట్లం.

"అన్నియ్యా, మీరు బాగానే నవ్వించినారు. నానూ నవ్వినాను." ఆమె కొంగు సర్దుకుంది. "ఆయన మాటాడితే ఇందామని వచ్చినాను. నెల్లాళ్ళ నుంచి ఆ కాయితం సదువుకుంటన్నారు. మా ముందు సిగ్గని, దొడ్లోకెల్లి మేకలకాడ సదివేవోరు. పెళ్ళిసూపుల్నాడూ మీరే మాటాడినారు. ఇయాలైనా ఆయన గొంతు ఇందామనుకున్నాను."

కోపంగా అనలేదు. పొట్లం రెండో చేతిలోకి మార్చుకుని, పింకీ వైపు వెళ్ళిపోయింది. భీమశంకరరావు చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా ఏదో అంటున్నారు. అతనికి వినబడలేదు.

జీపు ఎక్కకుండా బస్టాండు వైపు నడిచాడు. అసిరమ్మ టీ బడ్డీ దగ్గర బెంచీ మీద కూర్చున్నాడో లేదో, వెనకనుంచి "నాకూ ఓటి సెప్పు బావా" అని వినబడింది. కూర్మారావు. శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. పక్కన కూర్చుని ఎడమ భుజం నొక్కుకున్నాడు.

"ఏటయ్యింది?"

"రాత్రి సరిగా నిద్ర నేదు. పట్టీసినట్టుంది."

అసిరమ్మ రెండు గ్లాసులు పెట్టింది. ఇద్దరూ ఊదుకుంటూ తాగారు. భీమశంకరరావుకి మాట కోసం వెతుక్కోవడం అలవాటు లేదు. చివరికి అడిగేశాడు.

"కోపమొచ్చిందేటి నా మీద?"

"వచ్చింది" అన్నాడు కూర్మారావు. దాపరికం లేకుండా. "కూకున్నంతసేపూ వచ్చింది. ఆ సైకిలు దొంగకాడ మాత్రం నవ్వొచ్చీసింది. ఎన్నిపాల్లు ఇన్నా నవ్వొస్తాది. ఏటి సేయమంటావు?"

భీమశంకరరావు గ్లాసులోకి చూశాడు. లోపలున్నది బయటికి రాకుండా ఆపలేకపోయాడు. "మరి నీ బుక్కునిండా దొంగలున్నారు, తాగుబోతులున్నారు, జైలు కుక్క కూడా ఉన్నాది. నా పేరు ఒక్క దగ్గిర నేదేటి?"

కూర్మారావు తలతిప్పి చూశాడు. "తీరిక నేదన్నావు గదా. సదివినావా?"

"రెండుపాల్లు."

ఆ మాట వినగానే కూర్మారావు మొహం చిన్నపిల్లాడి మొహంలా విచ్చుకుంది. భీమశంకరరావు చూడలేక రోడ్డు మీదికి చూశాడు.

"నువ్వు లేకుండా నాకు సర్వీసెక్కడిది బావా? రాద్దామని కూకున్నాను గాని, ఏది ముట్టుకున్నా నీ కథే. రిటైరయ్యాక రాస్తానని నువ్వే గదా అన్నావు. నాను ముందే రాసీస్తే, రేపు నువ్వేటి రాస్తావు? అందుకే ఒక్కటీ ముట్టుకోనేదు. నీవి నీకే ఉంచీసినాను."

బస్సు ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ముసలమ్మ పేజీ గురించి చెప్పాలనుకున్నాడు భీమశంకరరావు. బాగుందిరా, నాకు నీళ్ళొచ్చీసినాయి అని. మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఇన్నేళ్ళు పైన ఉన్నవాడి గొంతు అది, కిందికి దిగడం దానికి రాదు.

"డెబ్బయ్యో పేజీలో 'ముద్దాయి' తప్పు పడ్డాది, సూసినావా?" అన్నాడు.

"ఔనా?" కూర్మారావు నిజంగానే కంగారుపడ్డాడు. "సూసుకోనేదు. రెండో అచ్చుంటే దిద్దుతాను. మంచిగా సెప్పినావు."

ఆటో వచ్చింది. తులసీ పింకీ అందులో ఉన్నారు. కూర్మారావు లేచి, బెంచీ మీదున్న భీమశంకరరావు భుజాన్ని ఒకసారి తట్టి వెళ్ళాడు. వెనక్కి తిరిగి ఏదో అన్నాడు గాని ఆటో చప్పుడులో కలిసిపోయింది. "రాయి బావా" అన్నట్టు అనిపించింది.

* * *

మధ్యాహ్నం స్టేషన్ ఎప్పట్లాగే ఉంది. ఉప్పు మడుల గట్టు తెగ్గొట్టారని ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఒకడు అరిచాడు, ఒకడు ఏడ్చాడు. భీమశంకరరావు ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, రేపు గట్టు మీదికి వస్తానని చెప్పి పంపించాడు. మామూలుగా అయితే వాళ్ళ మీద ఒక కథ అల్లి, కానిస్టేబుళ్ళకి సాయంత్రానికి వినిపించేవాడు. ఇవాళ అల్లలేదు.

గది ఖాళీ అయ్యాక తెల్లకాగితం తీసుకున్నాడు. సైకిలు దొంగ కథ రాద్దామనుకున్నాడు. 'పాతపట్నం సంతలో సైకిల్ పోయినట్లు ఫిర్యాదు అందగా' అని మొదలుపెట్టాడు. కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. దొంగ తొక్కాడు, తను సరిచాడు, బోర్డరొచ్చింది, కాళ్ళ మీద పడ్డాడు. నోటితో చెబితే టీ చల్లారిపోయేంతసేపు సాగే కథ కాగితం మీద నాలుగు వరసల్లో అయిపోయింది. చదువుకుంటే నవ్వు రాలేదు. ఆ దొంగ పేరేమిటని ఆలోచించాడు. గుర్తు రాలేదు. అసలు అడిగాడా? వాడు సైకిలు ఎందుకు ఎత్తుకుపోయాడో, బోర్డరు నుంచి తిరిగొస్తూ దారిలో ఏమన్నాడో. ఆ దారంతా మాట్లాడింది తనే. కూర్మారావు అయితే ఊరుకునేవాడు. ఊరుకుంటే వాడు చెప్పేవాడు. కాగితం ఉండచుట్టి పారేశాడు.

వీధిలో దీపాలు వెలిగే వేళకి ఝాన్సీ తన గదిలోంచి బయటికి వచ్చింది. టోపీ లేదు. ఫోను చేతిలోనే ఉంది, చెవి దగ్గర పెట్టుకోవడం లేదు.

"భీమశంకరరావు గారూ" అంది. "కూర్మారావు గారింటి నుంచి."

ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడట. కాసేపు పడుకుంటానన్నాడట. టీ ఇద్దామని లేపితే లేవలేదట.

* * *

ఊరి చివర, ఉప్పు మడులు మొదలయ్యే చోట ఉంది ఇల్లు. మడుల్లో నీళ్ళు ఆఖరి వెలుతురుకి తగరంలా మెరుస్తున్నాయి. వాకిట్లో మంచం మీద కూర్మారావుని పడుకోబెట్టారు. పొద్దున్న కప్పిన శాలువాయే కప్పారు. గంజి కాలరు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. ఝాన్సీ దగ్గరికి వెళ్ళి సెల్యూట్ చేసి అలాగే నిలబడింది. సభకి వచ్చిన టీచర్లు అప్పుడే వచ్చేశారు. "పుస్తకం వచ్చిన రోజే పోయాడు, ఎంత ధన్యజీవి" అన్నాడు లెక్చరరు. "రేపు పేపర్లో పెద్దగా వస్తాది" అన్నారు ఎవరో.

ఆ మాట వినగానే భీమశంకరరావు మనసులో ఒక ఆలోచన లేచింది. చావు కూడా వీడికే కలిసొచ్చింది, అని. తన ఆలోచనకి తనే భయపడి మంచం కోడు పట్టుకున్నాడు. బావ మొహం వైపు చూశాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఏదో వింటున్నవాడిలా. భీమశంకరరావు మోకాళ్ళు మడిచి నేల మీద కూలబడ్డాడు. ఏడ్చాడు. మీసం రంగు కరిగి పెదవి మీదికి వచ్చినా తుడుచుకోలేదు.

చాలాసేపటికి లేచి, తలుపు దగ్గర చాప మీదున్న తులసి ఎదుట కూర్చున్నాడు. పింకీ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఉంది.

"అమ్మా, ఆ ముసిల్దాని పేజీ" అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది. "బస్సులో ఊడుపులు సూసినాది. అది సదివితే నాకు ఏడుపొచ్చీసింది. ఈ జిల్లాలో అలాగ రాసినోడు నేడు."

తులసి కళ్ళెత్తింది. "ఆయనకి సెప్పినారా?"

ఎన్నో కథలు అల్లిన మనిషి. ఇది అన్నిటికంటే చిన్నది.

"సెప్పినాను. టీ బడ్డీకాడ."

"ఏటన్నారు?"

"ఏటీ అననేదు. నవ్వినాడు."

తులసి మెల్లగా తలాడించింది. "నవ్వుంటారు" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయనకి అదే వచ్చు" అంది.

అక్కడ ఇంక కూర్చోలేక భీమశంకరరావు పక్కనున్న వసారాలోకి వెళ్ళాడు. మేకలు గుంజల దగ్గర నిలబడి ఉన్నాయి. పొద్దువాలాక ఎవరూ వాటికి ఆకు వెయ్యలేదు. మూలనున్న తాటాకు బుట్టలోంచి రెమ్మలు తీసి వాటి ముందు పడేశాడు. నులకమంచం మీద కూర్చుని గోడకి చేరగిలబోతే వీపుకి ఏదో తగిలింది. మేకుకి పరీక్ష అట్ట ఒకటి వేలాడుతోంది. పింకీ టెన్త్‌లో వాడింది. పేరూ, సెక్షనూ రాసిన కాగితం ముక్క దాని మీద ఇంకా అంటుకునే ఉంది. పుస్తకం రాసేటప్పుడు కూర్మారావు ముంజెయ్యి ఆనించిన చోట నున్నగా అరిగి, రంగు పోయి, కింది చెక్కపొట్టు బయటపడింది. కాగితాలన్నీ తీసేసిన ఆ అట్టని, పైనున్న ఇనప క్లిప్పు ఒంటరిగా గట్టిగా కరచి పట్టుకుని ఉంది.